అంతేవాసిశబ్దమును, తెలుగునాటి గురుకులములును

అమరసింహుడు తన నిఘంటువున అంతేవాసిశబ్దమును రెండుచోట్ల పఠించినాడు. ద్వితీయకాండమున బ్రహ్మవర్గమందు ఛాత్రశబ్దముతోడ చేర్చి శిష్యుడను అర్థమున నొకమాఱు. అదే కాండమున శూద్రవర్గమందు మాతంగ, శ్వపచాదిశబ్దముల నడుమ చండాలుడను అర్థమున మఱొకమాఱు. బాల్యమున అమరము వల్లెవేసినవారు ఈ రెంటిని వేర్వేరు దినములలో వేర్వేరు పాఠములుగా చదివియుందురు. కావున అవి రెండును ఒక్క పదమే యని వారిలో పలువురకు తోచియుండదు.

పదనిర్మాణమును చూచినచో భేదము లేదు. ‘అంతే’ అను సప్తమీవిభక్తి లోపింపక నిలిచిన అలుక్సమాస మిది. అంతశబ్దమునకు సమీప మనియు, కొన యనియు అర్థములు కలవు. గురువునకు సమీపమున వసించువాడు శిష్యుడు. ఊరికి కొనను వసించువాడు చండాలుడు. ధాతు వొక్కటి, ప్రత్యయ మొక్కటి, సమాస మొక్కటి. ‘దేనికి అంతము?’ అను ఆకాంక్ష తీర్చునపుడు మాత్రమే అర్థము రెండుగా చీలుచున్నది. ఆ ఆకాంక్షను తీర్చినది వ్యాకరణము కాదు, లోకము. ఊరికొనను వసించిన అంతేవాసి గురుసన్నిధిని వసించు అంతేవాసి యగుటకు తెలుగుదేశమున ఎంతకాలము పట్టెను, ఏ యేర్పాటులచేత ఆ పని జరిగెను, జరిగినచోట ఆ బాలబాలికలు విద్యలో ఉన్నతస్థానము నందుటకు కారణ మేమి యనునది ఇచట విచారింపదలచితిని.

ఈ విచారమునకు మఱి మూడు శబ్దములు కావలసియున్నవి. మొదటిది గురుకులము. తెలుగువాని చెవికి కుల మనగా జాతియే. సంస్కృతమున ఆ పదమునకు ఇల్లు, కుటుంబము అను అర్థములును ప్రసిద్ధములు. గురుకుల మనగా గురువుగారి యిల్లు. అయినను ఈ దేశమున చిరకాలము గురుకులమున ప్రవేశము కులమునుబట్టియే నిర్ణయింపబడినది గనుక తెలుగుచెవి పొరబడినదని చెప్పుటకు నోరు రాదు. రెండవది ఛాత్రశబ్దము. ఛత్ర మనగా గొడుగు. గురువు దోషములను గొడుగువలె కప్పియుంచు శీలము కలవాడు ఛాత్రు డని వృత్తికారులు చెప్పుదురు. భాష్యకారుడు పతంజలి దీనిని మఱొకరీతిని నడపినాడు. ఆయన మతమున గురువే గొడుగు. గురువు శిష్యుని గొడుగువలె కాపాడవలయును. శిష్యుడును గురువును గొడుగును కాపాడినట్లే కాపాడుకొనవలయును. వృత్తికారుల యర్థమున భారమంతయు శిష్యునిమీద పడినది. భాష్యకారుని యర్థమున అది ఇరువురికి పంచబడినది. నాకు భాష్యమే రుచించును. మూడవది సతీర్థ్యశబ్దము. ఒకే గురువునొద్ద వసించి చదివినవారు సతీర్థ్యులు. ఇందు తీర్థ మనగా గురువు.

ఇక చరిత్రకు వత్తము. గుంటూరుమండలమున తుళ్లూరుప్రాంతమందలి మల్కాపురమున నొక శిలాస్తంభశాసనము కలదు. దానిని జయంతి రామయ్యపంతులుగారు పరిష్కరించి ప్రకటించిరి. కాలము శకవర్షము 1183, అనగా క్రీ.శ. 1261. కాకతిగణపతిదేవునకు దీక్షాగురువైన విశ్వేశ్వరశంభువు గోళకీమఠమునకు చెందిన శైవాచార్యుడు. ఆయనకు గణపతిదేవుడు సంకల్పించిన మందడగ్రామమును, తా నొసగిన వెలగపూడిని రుద్రమదేవి ధారపోసినది. ఆ రాబడితో ఆచార్యుడు అచట ఆలయమును, మఠమును, విద్యాస్థానమును నెలకొల్పెను. వేదత్రయమును చెప్పుటకు ముగ్గురు, పదవాక్యప్రమాణములను, సాహిత్యమును, ఆగమమును వ్యాఖ్యానించుటకు ఐదుగురు నియమింపబడిరి. ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రము ఏర్పడినవి. వైద్యుడు, లెక్కలు వ్రాయు కాయస్థుడు సహితము ఏర్పాటునందు చేరియున్నారు. విద్యార్థికి పాఠముమాత్రమే కాక కూడును, గూడును, మందును కూడ కావలయునని ఏడువందల అరువది సంవత్సరములకు పూర్వమే ఎఱిగిన సంస్థ యిది.

ఆ శాసనమున నొక మాట యున్నది. సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలునివఱకు ఎవరు ఏవేళ వచ్చినను అన్నము పెట్టవలయునట! అవధి రెండువిధములని వైయాకరణులు చెప్పుదురు. అవధిగా చెప్పిన వస్తువును విడిచినచో మర్యాద. దానినికూడ కలుపుకొన్నచో అభివిధి. ఇచట ‘వఱకు’ అనునది నిస్సందేహముగా అభివిధి. చండాలునకు అన్నము కలదు. కాని యిట్టి అవధి విద్యాస్థానమునుగూర్చి ఆ శిలమీద ఎచటను చెప్పబడలేదు. పద వాక్య ప్రమాణములు చెప్పు ఐదుగురు ఆచార్యులకును, సత్రపు ద్వారమున విస్తరి ముందు కూర్చున్న అంతేవాసికిని నడుమ ఎన్ని బారల దూర ముండెనో చెప్పలేము. ఆ దూరమును దాటినవాని పేరు మనకు చేరలేదు. పదుమూడవ శతాబ్దివారిని నేటి తూనికరాళ్లతో తూచుట న్యాయము కాదు. ఐనను శిల చెప్పినదానిని, చెప్పనిదానిని రెంటిని చదువుట శాసనపరిశోధకుని విధి. ఆ వెలగపూడియందే నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయమును, శాసనసభయు నెలకొన్నవి.

అన్నము తెఱచిన ఎన్నో శతాబ్దములకు గాని విద్య తెఱువబడలేదు. 1848లో పూనానగరమున జోతిరావు, సావిత్రీబాయి ఫులే దంపతులు పాఠశాల పెట్టుట, ఆ మీదట అస్పృశ్యులని త్రోయబడినవారికిని చదువు చెప్పుట ప్రసిద్ధము. తెలుగువారిలో ఈ విషయమున స్మరింపదగినవారు భాగ్యరెడ్డివర్మ (1888-1939). ఆయన 1906లో హైదరాబాదున జగన్మిత్రమండలిని, 1911లో మన్యసంఘమును స్థాపించి, ఉర్దూ రాజభాషగా నున్న నిజాముసీమలో దళితవాడల పిల్లలకు తెలుగుపాఠశాలలు నడపించెను. దొరతనమువారు ఇచ్చువఱకు వేచియుండక వాడవారే తమ పిల్లలకు బడి కట్టుకొనుట యిందలి విశేషము. మదరాసు రాజధానిలో 1920 ప్రాంతమునుండి లేబరు కమిషనరు శాఖవారు ప్రత్యేకపాఠశాలలు పెట్టిరి. ఇవి యన్నియు దినపాఠశాలలే. గంట మ్రోగినంతనే బాలుడు తిరిగి ఊరికొనకే పోవలయును.

గూడు కల్పించు ప్రయత్నము కాకినాడలో జరిగినది. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు (1862-1939) 1904 మొదలు 1919 వఱకు పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. ఆయన ప్రభావమునకు లోనైన పిఠాపురము మహారాజు రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహద్దరువారు కాకినాడలో అనాథశరణాలయమును, హరిజనవిద్యార్థులకు వసతిగృహమును నిర్మించిరి. సాహిత్యపరులకు ఈ మహారాజును పరిచయము చేయ నక్కఱలేదు. సూర్యరాయాంధ్రనిఘంటువు వారి ద్రవ్యముతో వెలసినదే. నిఘంటువునకు పోషకుడైన ప్రభువే అంతేవాసిశబ్దపు రెండర్థములను ఒక కప్పుక్రిందికి తెచ్చుటకు సాహసించెను. ఆ నిఘంటువును గూర్చి మనము వ్రాసినదానిలో పదియవవంతైనను ఆ వసతిగృహమును గూర్చి వ్రాయలేదు.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వమువారి సాంఘికసంక్షేమ వసతిగృహములు ఊరూరను వెలసినవి. వీనిమూలమున చదువు సాగించినవారు లక్షలు. వారి ఋణము తీఱునది కాదు. కాని యిందొక కొఱత మొదటినుండియు కలదు. బాలుడు ఒకచోట వసించును, మఱొకచోట చదువును. పగలు చదువు చెప్పు ఉపాధ్యాయుడు సాయంకాలమునకు తన యింటికి పోవును. రాత్రి వసతిగృహమున నుండవలసిన సంరక్షకుడు పాఠము చెప్పువాడు కాడు. పలుచోట్ల రాత్రి అచట నుండువాడును కాడు. చీకటి పడినపిమ్మట సందేహము వచ్చిన బాలుడు ఎవరి నడుగవలయును? ఇంట తల్లిదండ్రులు చదువుకొన్న పిల్లవానికి ఆ వేళ తండ్రియో అన్నయో చెప్పును. లేనివానికి ఆ రెండుగంటలే వెనుకబాటు. దినమునకు రెండుగంటల చొప్పున పదేండ్లు వెనుకబడినవానిని పదవతరగతి పరీక్షనాడు ‘బుద్ధిహీను’ డందురు. వాస మున్నది గాని అంతము లేదు. బడియం దంతమున్నది గాని వాసము లేదు. ఈ రెంటిని కూర్చు ప్రయత్నము 1971లో జరిగినది.

నల్లగొండమండలమున (నేడు యాదాద్రి-భువనగిరి) సర్వేలు అను పల్లె కలదు. 1971 నవంబరున, పాములపర్తి వేంకటనరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్న దినములలో, ఆశ్రమపాఠశాల యొకటి అచట తెఱువబడినది. ఆయన అంతకుపూర్వము విద్యామంత్రిగా నుండిరి. ఈ యూహ అప్పటిదే. మఱుసటి సంవత్సరమున గుంటూరుమండలమున తాడికొండయందును, అనంతపురమండలమున హిందూపురము చేరువ కొడిగెనహళ్లియందును ఇట్టివే వెలసినవి. తెలంగాణమున కొకటి, సర్కారుల కొకటి, రాయలసీమ కొకటి. తాడికొండకును మల్కాపురశాసనస్తంభమునకును నడుమ దూరము కొద్దిమైళ్లు మాత్రమే. స్థలము నిర్ణయించినవారు శాసనమును తలచియుందురని నే ననను.

పల్లెటూళ్ల బీదపిల్లలలో చుఱుకైనవారిని పరీక్షించి చేర్చుకొనుట, భోజనవసతులు పుస్తకములు ప్రభుత్వమే ఇచ్చుట, తెలుగునందే బోధించుట — ఇంతవఱకు పత్రములమీద వ్రాయదగిన నియమములు. వీనికంటె బలమైన నియమము మఱొకటి: ఉపాధ్యాయులు పాఠశాల ఆవరణమునందే కాపురముండవలయును. వేకువను వ్యాయామమునకు పిల్లలను లేపువాడును, పగలు గణితము చెప్పువాడును, సాయంకాలము ఆటస్థలమున నిలుచువాడును, రాత్రి చదువువేళ వరుసల నడుమ తిరుగువాడును ఒక్కడే కావచ్చును. బాలునకు జ్వరము వచ్చినచో ముందుగా తెలియునది ఆయనకే. లెక్క తప్పు చేసిన బాలుడు భోజనవేళ ముఖము చాటువేయుటయు ఆయనకే తెలియును. ఆ తప్పు మఱునాటి పాఠమునకు వాయిదా పడదు. ఇంటివద్ద కూలినాలి చేసికొను తల్లిదండ్రులు ఇయ్యలేని రెండుగంటలు ఇచట గురువు ఇచ్చెను. ఆయన భార్యాబిడ్డలును ఆవరణమునందే యుండుటచేత అది నిజముగా కుల మయ్యెను. గొడు గనగా నిదియే.

ఫలము వెంటనే కనబడెను. పదవతరగతి పరీక్షలలో రాష్ట్రపు తొలిస్థానములు ఈ మూడు పాఠశాలలలో దేనికో దక్కుట ఆ కాలపు పత్రికాపాఠకులకు అలవాటైన వార్త. పట్టణములందలి ఇంగ్లీషుబళ్ల పిల్లలను తెలుగుబడిలోని పల్లెపిల్లలు దాటిపోయిరి. వారిలోనుండి వైద్యులు, ఆచార్యులు, యంత్రశాస్త్రవేత్తలు, ఉన్నతపాలనాధికారులు వెలువడిరి. 1985లో కేంద్రమున మానవవనరుల మంత్రిత్వము నరసింహారావుగారికి వచ్చినపుడు ఈ యనుభవమే దేశమునకు విస్తరించెను. నవోదయవిద్యాలయములు మొదట హర్యానాయందలి ఝజ్జరునను, మహారాష్ట్రమందలి అమరావతియందును తెఱువబడి, 1986నాటి జాతీయవిద్యావిధానముచేత మండలమున కొకటిగా వ్యాపింప నారంభించెను. వానియందు నూటికి డెబ్బదియైదు స్థానములు పల్లెలవారివి. తెలుగుపల్లెలో నాటిన విత్తు దేశమంతట మొలచుట మనకు గర్వకారణమే.

ఇచట పూర్వపక్షము కలదు. ‘ఏఱి కూర్చిన పిల్లలకు ఎక్కడ చదివినను మొదటిస్థానమే; ఇందు గురుకులపు గొప్ప యేమి?’ అని. ఈ యాక్షేపము త్రోసివేయదగినది కాదు. సర్వేలు, తాడికొండ, కొడిగెనహళ్లి మూడింటిని మాత్రమే చూచినచో దీనికి గట్టి సమాధానము దొరకదు. బుద్ధి యెంత, వాస మెంత యని విడదీయుట కష్టము. సమాధానమునకు ఆ మీది ఘట్టమును చూడవలయును.

1980వ దశాబ్దమున సాంఘికసంక్షేమ గురుకులపాఠశాలలు ఏర్పడినవి. దీనుల పక్షమున జీవితమును ధారపోసిన అధికారి ఎస్.ఆర్.శంకరన్‌గారు (1934-2010) సంక్షేమశాఖయందు చేసిన కృషి వీనికి పునాది. ఇందు స్థానములలో అధికభాగము షెడ్యూల్డు కులములవారివి, కొద్దిభాగము తక్కినవారివి. ఇచటను ప్రవేశపరీక్ష కలదు గాని, పరీక్షకు కూర్చున్నవారిలో చాలమంది ఇంట అక్షరము వచ్చినవా రుండరు. వారి వాడయే ఊరికొన. బాలికలకు ప్రత్యేకించిన పాఠశాలలు అనేకము. అనగా జల్లెడ వేఱు, జల్లించిన ధాన్యము వేఱు. వసతిగృహమున నుండి ఊరిబడికి పోయినవారును ఆ వాడలనుండియే వచ్చిరి, వారును అట్టి బుద్ధిమంతులే. మాఱినది వాసము. ఈ గురుకులములనుండి వైద్యకళాశాలలకు, ఐఐటీలకు పిల్లలు చేరుచుండుట చూచినపిమ్మట పూర్వపక్షి తన వాదమును పూర్తిగా విడువకున్నను గొంతు తగ్గింపవలసియుండును.

2012 మొదలు 2021 వఱకు ఈ గురుకులములకు కార్యదర్శిగా నుండిన ఆర్.ఎస్.ప్రవీణ్‌కుమార్‌గారి కాలమున ఇంకొక ముఖ్యవిషయము జరిగినది. 2014 మే 25న మాలావత్ పూర్ణ యను గిరిజనబాలిక ఎవరెస్టు శిఖరము నెక్కినది. నిజామాబాదుమండలమున పాకాల ఆమె గ్రామము, తాడ్వాయి గురుకులము ఆమె పాఠశాల. వయస్సు పదునాలుగేండ్లకు ఒక మాసము తక్కువ. ఆమెతో కూడ సాధనపల్లి ఆనందకుమార్ అను ఖమ్మముమండలపు దళితబాలుడును శిఖరము చేరినాడు. నేపాలువైపునుండి పదునాఱేండ్లలోపువారికి అనుమతి లేకపోవుటచేత టిబెట్టువైపునుండి ఎక్కిరి. భువనగిరి ఏకశిలాగుట్టమీద వారి శిక్షణ మారంభమైనది. కొండ నెక్కుటకు వ్యాకరణము గాని బీజగణితము గాని చాలదు. ‘నీవు ఎక్కగలవు’ అని చెప్పుటయే కాక, చెప్పిన మాటను నమ్మి దినదినము వెంట నడచువా రుండవలయును.

ఈ పాఠశాలల పిల్లలు చేయు ప్రతిజ్ఞలలో మొదటిది, తాము ఎవరికంటెను తక్కువవారము కామని. ఇది విని నవ్విన పండితుల నెఱుగుదును. నే నందు నవ్వదగిన దేదియు కానను. అంతేవాసిశబ్దమునకు అమరము చెప్పిన రెండవ యర్థమును వేయేండ్లకు పైగా విన్న చెవులకు ఆ వాక్యము ఉచ్చరింపవలసిన యవసర మున్నది. మొదటి యర్థమును మాత్రమే విన్నవారికి లేదు. పూర్వవిద్యార్థులు తమకు ‘స్వేరో’ లని పేరు పెట్టుకొని, సెలవులలో వాడలకు పోయి చిన్నపిల్లలకు చదువు చెప్పుట, ప్రవేశపరీక్షకు సిద్ధపఱచుట చేసిరి. ఇది సతీర్థ్యత్వము. దీనివలన గురుకులపు గోడలకు వెలుపలను కొంత గురుకులము ఏర్పడును.

పేరుల చమత్కారము చూడుడు. ద్రోణుడు కాదన్న నిషాదబాలుని పేరిట నేడు ప్రభుత్వపు గురుకులములున్నవి. 1997-98 సంవత్సరమునుండి కేంద్రప్రభుత్వమువారు గిరిజనవిద్యార్థులకొఱకు ఏకలవ్యపాఠశాలలను పెట్టించుచున్నారు. ఆ పేరు పెట్టినవారికి బొటనవ్రేలి కథ జ్ఞప్తియందున్నదనియే నమ్మెదను.

2014 జూన్ 2న రాష్ట్రములు వేఱైనపిమ్మట గురుకులముల సంఖ్య తెలంగాణమున మిక్కిలి పెరిగినది. మహాత్మా జ్యోతిబా ఫులే పేరిట వెనుకబడిన తరగతులవారికిని, అల్పసంఖ్యాకులకును, కళాశాలవిద్యకు వచ్చిన యువతులకును వేర్వేరుగా ఏర్పడినవి. సంతోషింపదగినదే. కాని సర్వేలునందు ప్రాణమైన నియమము ఈ విస్తారమున సడలినది. అద్దెభవనములలో ఉపాధ్యాయులకు ఇండ్లుండవు. ఉపాధ్యాయులలో ననేకులు తాత్కాలికనియామకముమీద వచ్చినవారు. వచ్చే యేడు ఉందుమో లేదో యెఱుగని గురువు పిల్లవాని పదేండ్ల చదువునకు గొడుగు పట్టుట యెట్లు? ఇఱుకు గదులు, చెడిన ఆహారము, పిల్లల అస్వస్థత యిటీవలి సంవత్సరములలో పత్రికలలో మాటిమాటికి కనబడుచున్నవి. మల్కాపురపు మఠమున వైద్యుని నియామకము శిలమీద చెక్కబడినది. నేటి గురుకులములన్నింట అట్టి వైద్యుడున్నాడని చెప్పజాలము. పతంజలి చెప్పినదానిలో రెండవపాలు, అనగా గొడుగును కాపాడుకొనుట, పూర్తిగా మఱువబడినది. గురువునకు స్థిరత్వము లేనిచోట పాఠశాల మరల వసతిగృహమే యగును. పాఠశాలలు పెంచువారు గదులు లెక్కించుటకు ముందు ఆవరణమున కాపురమున్న ఉపాధ్యాయకుటుంబములను లెక్కించుట మంచిది. ప్రవేశపరీక్షలో తప్పినవారి లెక్కయు పెద్దదే. వారు ఊరిబడిలోనే యున్నారు.

పరిశోధకులకు నొక విన్నపము. 1971లో సర్వేలునకు పెట్టె తలమీద పెట్టుకొని వచ్చిన పిల్లలు నేడు అరువదియేండ్లు దాటినవారు. వారికి చదువు చెప్పినవారిలో మిగిలినవారు వృద్ధులు. నాటి ప్రవేశపట్టికలు, దినచర్యపుస్తకములు, భోజనశాల లెక్కలు, ఇంటికి వ్రాసిన ఉత్తరములు ఎవరి పెట్టెలలో నున్నవో వెదకి ప్రతులు వ్రాసికొనవలయును. అట్లే కాకినాడ వసతిగృహపు లెక్కలును, భాగ్యరెడ్డివర్మగారి పాఠశాలల పట్టికలును. శిలమీది యక్షరము ఏడువందలేండ్లు నిలిచినది. ఈ కాగితములు చెదపురుగులకు ఏడేండ్లైనను నిలువవు.